రేవు కావలి పేరు బయటపడింది

పోయిన వారం మిమ్మల్ని మైకు ముందు నిలబెట్టి నా దారిన నేను వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, పరవాలేదు. ఆ సాయంత్రం అక్కడ నిలబడ్డ మా అవస్థ ముందు మీది ఏపాటిది!

ఎక్కడ ఆగామో గుర్తుచేస్తాను. డిట్రాయిట్‌లో మా రేడియో స్టేషన్, మంగళవారం సాయంత్రం, ‘రేవు కావలి’ నాటకం. పగలంతా డన్‌స్టన్ అనే ఓడల వ్యాపారి, చీకటి పడితే ముసుగు తగిలించుకుని నది ఒడ్డున దొంగల భరతం పట్టే వీరుడు. ఆ ఇద్దరూ ఒకడేనని లోకం మొత్తంలో తెలిసింది ఆయన సెక్రటరీ మిస్ వేల్‌ ఒక్కదానికే. ఆ మిస్ వేల్ గొంతు నాది, ఇర్మా సోబ్చాక్‌ది. రేవు కావలి గొంతు లైల్ ప్రూయెట్‌ది. వాళ్ళ ఆగర్భశత్రువు డాక్టర్ క్రేల్ గొంతు మా అంబ్రోస్ టల్లీ గారిది. ఏళ్ళ తరబడి ఏ దొంగా, ఏ పోలీసూ పసిగట్టలేని ఆ రహస్యం మీదే మా అందరి అన్నం ఆధారపడి ఉంది.

ఆ సాయంత్రం కథలో డాక్టర్ క్రేల్ మంచుగడ్డల గోదాములో రేవు కావలిని స్తంభానికి కట్టేశాడు. ఇక “ముసుగు తీయి, రేవు కావలీ!” అని గర్జించాలి. టల్లీ గారు ఊపిరి నిండా పీల్చి, గుండెలు అదిరేలా గర్జించారు.

“ముసుగు తీయి, డన్‌స్టన్!”

అంతే. ఎవరికీ తెలియకూడని పేరు, తెలియకూడనివాడి నోటే, దేశంలో సగం ఊళ్ళు వింటుండగా బయటికొచ్చేసింది. అన్నమాట అన్నట్టే గాలిలో వెళ్ళిపోయింది. వెనక్కి పిలవడానికి అది మా ఇంటి కుక్క కాదు కదా.

అద్దం వెనక గదిలో మా డైరెక్టర్ వెర్నర్ కాల్బ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆయన పక్కన, మా నాటకానికి డబ్బు పెట్టే రైడౌట్ బ్రెడ్ కంపెనీ మనిషి హాస్కెల్, కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. ఇక మన వీరాధివీరుడు లైల్ సంగతి చెప్పాలా! ఎన్ని తుపాకులకు ఎదురు నిలిచాడో, ఎన్ని ఓడల మీంచి దూకాడో, కాగితం మీద లేని ఒక్క మాట అనాల్సి వచ్చేసరికి నోరు తెరుచుకుని నావంక చూశాడు. టల్లీ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ సీనులో నేను లేను. నా మాటలు అంతకు రెండు పేజీల ముందే అయిపోయాయి. కానీ ఆ ముసలాయన మొహం చూసి కాళ్ళు ఆగలేదు. మైకు దగ్గరికి ఒక్క అంగలో వెళ్ళి, చప్పుళ్ళు చేసే ఓటిస్ వైపు చెయ్యి ఊపాను. ఓటిస్ పదహారణాల పనిమంతుడు. ఏమిటి, ఎందుకు అని అడగలేదు. తన బల్ల దగ్గరున్న చిన్న ఇనుప తలుపును కిర్రుమనిపించి దభీమని మూశాడు.

“డాక్టర్ క్రేల్! మీకేమైనా మతిపోయిందా?” అన్నాను మిస్ వేల్ గొంతుతో. “డన్‌స్టన్ గారు ఈ చలిలో ఇక్కడికొస్తారా? బయట నా కారులో దుప్పటి కప్పుకుని వణుకుతున్నారు. తుమ్ములు కూడా మొదలయ్యాయి, పాపం!”

ఓటిస్ వెంటనే కారు హారన్ రెండుసార్లు కొట్టాడు. ఆపైన ఎవరూ అడక్కుండానే చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఒక తుమ్ము కూడా తుమ్మాడు. అద్దం వెనక కాల్బ్ నెత్తి మీది చేతులు మెల్లగా కిందికి దిగాయి.

టల్లీ గారు రంగస్థలం మీద పుట్టి పెరిగిన మనిషి. సందు దొరికితే చాలు. “అయితే ఈ ముసుగులో ఉన్న దౌర్భాగ్యుడెవడు?” అని అందుకున్నారు. అప్పటికి లైల్‌కి ప్రాణం లేచొచ్చింది. “పొగమంచుకు కళ్ళు లేవు, డాక్టర్. నాకున్నాయి!” అని ప్రతి వారం అనే తన పాత మాట అనేసి గండం గట్టెక్కాడు. వాద్యం మోగింది. మా మాటలు గాలిలోకి వెళుతున్నంతసేపూ వెలిగే ఎర్ర దీపం ఆరింది.

దీపం ఆరగానే టల్లీ గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఏదో అనబోయారు. “ఊరుకోండి మాస్టారూ, మీరు నాకు చేసినదాంట్లో ఇది ఏ మూలకి?” అన్నాను.

నేనేమీ మాటవరసకి అనలేదు. ఆ స్టేషన్‌లో నా మొదటి రోజు, ఒక పూలమ్మే పిల్ల వేషం ఇచ్చారు. ఒకే ఒక్క మాట. ఎర్ర దీపం వెలిగింది, నా గొంతు పూడుకుపోయింది. ఆ పిల్లని దబాయించే రౌడీ వేషం టల్లీ గారిది. ఆయన నావైపు ఒక్కసారి చూసి, సన్నటి ఆడగొంతుతో “పూలు కొనండి బాబూ” అని నా మాట తానే అని, వెంటనే బొంగురు గొంతుతో “పోవే అవతలికి!” అని తనని తానే కసిరారు. బయటికొచ్చాక కాల్బ్ నన్ను ఇంటికి పొమ్మనబోతుంటే, “ఆ పిల్లకి జలుబు చేసిందయ్యా, నేనే ఆగమన్నాను. వచ్చే వారం చూడు, దీని గొంతు బంగారం” అన్నారు. నాకు జలుబూ లేదు, దగ్గూ లేదు. ఆ ఒక్క అబద్ధం లేకపోతే నేను ఈ రోజుకీ మా పోలిష్ పేట హామ్‌ట్రామిక్‌లో సిగార్లు చుడుతూ ఉండేదాన్ని. ఆయన్ని తలచుకున్నప్పుడల్లా చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

మా నాటకం ప్రతి మంగళవారం రెండుసార్లు ఆడాలి. ముందు తూర్పు ఊళ్ళకి. మూడు గంటలు పోయాక, పడమటి తీరంలో జనం భోజనాలకి కూర్చునే వేళకి, అదే నాటకం మళ్ళీ మొదటినుంచీ. మధ్యలో ఎదురు వీధిలో కాఫీ తాగి, మా అమ్మ కట్టిచ్చిన పిరోగీలు, అంటే ఆలుగడ్డ కూరిన కజ్జికాయల్లాంటివి, అందరం తలా రెండూ తినడం అలవాటు. ఆ రోజు డబ్బా మూత కూడా తియ్యలేదు. హాస్కెల్ స్టూడియోలోకి వచ్చేశాడు.

మనిషి ఎప్పుడూ అరవడు. అరిచేవాళ్ళే నయం. “టల్లీ గారూ, చక్కగా అచ్చేసిన కాగితం మీ చేతిలోనే ఉంది కదా. అందులో ఏ పేరుంది?” అన్నాడు మెత్తగా.

“రేవు కావలి అని ఉందండీ. పొరపాటైంది.”

“పొరపాటు సరే. ఇదిగో, ఈ మాట ఒక్కసారి చదవండి.” అంటూ నేల మీద పడి ఉన్న కాగితాల్లోంచి ఒకటి తీసి ఆయన మొహం ముందు పెట్టాడు. చదివిన కాగితం చదివినట్టే చప్పుడు కాకుండా నేల మీదికి జారవిడవడం మా పద్ధతి, మైకులో గరగర వినబడకూడదు కదా.

టల్లీ గారు కాగితం అందుకుని కళ్ళజోడు సర్దుకుని, “ముసుగు తీయి, రేవు కావలీ! నీ మొహం ఈ నగరం చూడాల్సిన రోజు వచ్చింది” అని గంభీరంగా చదివారు.

“అద్భుతం. కానీ ఇది మూడో పేజీ. ఇందులో ఉన్నవి మిస్ వేల్ మాటలు.”

టల్లీ గారు కాగితం దించి, కళ్ళజోడు తీసి, కోటు అంచుతో తుడవడం మొదలుపెట్టారు.

“కనబడదండీ,” అన్నారు చివరికి. “చాన్నాళ్ళైంది. మనుషులు కనిపిస్తారు, తలుపులు కనిపిస్తాయి, దీపం ఎర్రగా ఉందో లేదో కనిపిస్తుంది. అక్షరాలు మాత్రం చీమలు పాకినట్టు పాకి పోతాయి.”

“మరి ఇన్నాళ్ళూ ఎలా చదివారు మాస్టారూ?” అని అడిగేశాను. అడిగాక గానీ నాకు తట్టలేదు. ఆయన నావైపు తిరిగారు.

“నువ్వే చదివావు కదమ్మా.”

అయ్యో, నా తెలివి తెల్లారినట్టే ఉంది! రెండేళ్ళుగా ప్రతి మంగళవారం మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి, “అన్ని వేషాలూ నువ్వే చదువమ్మాయ్. దొంగనీ నువ్వే చదువు, పోలీసునీ నువ్వే చదువు. గొంతు సాగుతుంది” అనేవారు. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు చదివించేవారు. ఎక్కడైనా తడబడితే మళ్ళీ మొదటికి. నాకు పాఠం చెబుతున్నారని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాను. మా అమ్మ ఆయన పేరున చర్చిలో కొవ్వొత్తి కూడా వెలిగించింది. అదంతా ఆయన తన మాటలు బట్టీ పట్టడానికని ఆ క్షణంలో తెలిసింది.

కోపం రావాలేమో. నాకు రాలేదు. ఆయన అవసరం కోసం చదివించినా, నేను నేర్చుకున్నది అబద్ధం కాదు కదా. ఆ సాయంత్రం నేను మైకు ముందుకి ఉరికి, తడుముకోకుండా మాట్లాడానంటే ఆ మధ్యాహ్నాల చలవే. కళ్ళు చెమర్చాయి, ముక్కు చీదుకున్నాను. ఓటిస్ తన తుమ్ము రుమాలు ఇచ్చాడు.

“మరి ఈ రోజు ఎందుకు చదవలేదు?” అన్నాడు కాల్బ్.

నా బదులు ఓటిస్ అందుకున్నాడు. “ఎలా చదువుతుంది? మధ్యాహ్నం హాస్కెల్ గారే కదా దీన్ని రొట్టె పట్టుకుని ఫొటో దిగమని తీసుకుపోయింది! ఆ గోదాము సీను పొడుగ్గా ఉండాలని కొత్త పేజీలు రాయించిందీ ఆయనే. ముసలాయన ఆ మాట విన్నది రిహార్సల్‌లో ఒక్కసారి. అప్పుడు నువ్వేమన్నావు, కాల్బ్? ‘ఇక్కడ డన్‌స్టన్ ముసుగు మీద చెయ్యి వెయ్యండి’ అన్నావా లేదా?”

కాల్బ్ ఆ మాట అన్నాడు మరి. మేమందరం అలాగే అంటాం. ఎందుకంటే లైల్ ప్రూయెట్ స్టూడియో గుమ్మం తొక్కాడంటే తన సొంత పేరుకి పలకడు. కాఫీ కావాలా లైల్ అంటే వినబడదు, డన్‌స్టన్ గారూ అంటే చాలు, చక్కెర ఎన్ని చెంచాలో కూడా చెబుతాడు. వేషంలో ఉండటానికట! మేమంతా అతని చాటున నవ్వుకుంటూనే ఏళ్ళ తరబడి అలా పిలిచి పిలిచి నాలుకకి అలవాటు చేసుకున్నాం. కాగితం కనబడని మనిషి, పక్కన నిలబడ్డవాడిని రోజూ పిలిచే పేరుతో పిలిచాడు. ఇంకే స్టేషన్‌లో ఉన్నా ఈ తప్పు జరిగేదే కాదు.

అందరం లైల్ వైపు చూశాం. అతను టై సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. కాగితం లేకుండా అతను నాలుగు మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

“తప్పు నాదేనండీ, హాస్కెల్ గారూ. ఆ పేరుతో పిలవకపోతే పలకనని భీష్మించుకుంది నేను. ఇందాక నోరు పడిపోయి దిక్కులు చూసిందీ నేనే. తీసేస్తే నన్ను తియ్యాలి. తియ్యరనుకోండి, అది వేరే సంగతి. ఇకనుంచి నన్ను లైల్ అనే పిలవండి అందరూ.”

“చిత్తం, డన్‌స్టన్ గారూ!” అన్నాడు ఓటిస్. టల్లీ గారితో సహా అందరం ఘొల్లుమన్నాం. అప్పటిదాకా లైల్ అంటే నాకు చులకన. ఆ రోజు మాత్రం వెళ్ళి బుగ్గ మీద ముద్దు పెట్టి మరీ థాంక్స్ చెప్పాను.

హాస్కెల్ నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు. “పడమటి నాటకానికి ఇంత తక్కువ వ్యవధిలో ఇంకో విలన్‌ని తీసుకురాగలవా, కాల్బ్?”

“దొరకడండీ. దొరికినా టల్లీ గారిలా గర్జించలేడు.”

“సరే. ఈ పూటకి ఈయన్నే కానీ. కానీ పడమటివాళ్ళు కూడా తూర్పువాళ్ళు విన్నదే వినాలి. లేకపోతే వచ్చే వారం కథ ఇటు ఒకటి, అటు ఒకటి అయి కూర్చుంటుంది. ఆ పేరు మళ్ళీ అనాల్సిందే. హారన్ మోగాల్సిందే.”

“తుమ్మో?” అన్నాడు ఓటిస్.

“తుమ్ము కూడా,” అన్నాడు హాస్కెల్, మింగలేక కక్కలేక.

అప్పుడు తెరిచాం పిరోగీల డబ్బా. చల్లారిపోయినా అమృతంలా ఉన్నాయి. తింటూనే టల్లీ గారికి మొత్తం నాటకం చదివి వినిపించాను, నేను అప్పటికప్పుడు అల్లిన మాటలతో సహా. పక్కన లైల్ కూర్చుని తన మాటలు తానే అందించాడు. ఆయన కళ్ళు మూసుకుని వింటూ తల ఊపారు. “ఇన్నాళ్ళూ దొంగచాటుగా విన్నానమ్మా. చెప్పి వినడం ఎంత హాయిగా ఉందో!” అన్నారు. నాకు ఇంకో పిరోగీ తినబుద్ధైంది.

రెండోసారి ఎర్ర దీపం వెలిగినప్పుడు నేను ఆయన మోచేతికి ఆనుకుని నిలబడ్డాను. ఆయన వంతు వచ్చినప్పుడల్లా చిటికెన వేలితో చిన్నగా నొక్కాను. సాయంత్రం పొరపాటున వచ్చిన పేరును ఈసారి పనిగట్టుకుని అనాలి. “ముసుగు తీయి... డన్‌స్టన్!” అని మధ్యలో ఒక్క ఊపిరి ఆగి అన్నారు చూడండి, ఆ పేరు తెలిసిన నాకే వెన్నులో చలి పుట్టింది. తలుపు కిర్రుమంది, నా మాటలు పడ్డాయి, హారన్ మోగింది. ఓటిస్ తుమ్ములు మూడయ్యాయి. దీపం ఆరాక కాల్బ్ అద్దం వెనక చప్పట్లు కొట్టాడు. మా డైరెక్టర్ చప్పట్లు కొట్టడం ఆ స్టేషన్‌లో ఎవరూ ఎరగరు.

టల్లీ గారు నా తల మీద చెయ్యి పెట్టి, “ఇక నన్ను తీసేసినా బెంగ లేదు తల్లీ. నిండుగా ఆడాను. నీ పుణ్యమే” అన్నారు.

“ఎవరు తీసేస్తారు మిమ్మల్ని? నేనుండగా!” అన్నాను. చూశారా నా ధీమా!

అదే సమయానికి హాస్కెల్ మళ్ళీ వచ్చాడు. ఈసారి మొహం వెలిగిపోతోంది. “సాయంత్రం నుంచీ టెలిఫోన్లు ఆగట్లేదు. అందరి నోటా ఒకటే పేరు, మిస్ వేల్! ఆ పిల్లకి ఎంత గుండె ధైర్యం, ఇంకా ఎక్కువసేపు ఉంచండి అంటున్నారు. అభినందనలు, మిస్ సోబ్చాక్. ఇకమీదట నాటకం మొదట్లో మీ పేరు కూడా చెబుతాం.”

రేడియోలో నా పేరు! మా అమ్మ వింటుంది, హామ్‌ట్రామిక్ మొత్తం వింటుంది. గాల్లో తేలిపోయాను.

“వచ్చే వారం కథ కూడా ఆలోచించేశాను,” అన్నాడు హాస్కెల్. “డాక్టర్ క్రేల్ పారిపోబోతాడు. మిస్ వేల్ తుపాకీ తీసి కాల్చేస్తుంది. అక్కడితో వాడి పీడ విరగడ. టల్లీ గారిని మేం పంపించేసినట్టూ ఉండదు, కథ ప్రకారం పోయినట్టూ ఉంటుంది. ఏమంటారు?”

గాల్లోంచి దబ్బున కిందపడ్డాను. నేను ఆయన్ని కాపాడానని మురిసిపోతుంటే, ఆ కాపాడటమే తెచ్చి తుపాకీగా నా చేతికి ఇస్తున్నాడు.

టల్లీ గారు అందరికన్నా ముందు తేరుకున్నారు. “భేషైన కథ! ఒప్పుకో అమ్మాయ్,” అన్నారు. “ఎవరో ఊరూ పేరూ లేని పోలీసు చేతిలో చావడం కన్నా, నేను తయారుచేసిన పిల్ల చేతిలో చావడం నాకు గౌరవం. నిజంగా చెబుతున్నా.”

నిజంగానే చెబుతున్నారు. ఆ మొహంలో ఎక్కడా కపటం లేదు. అది చూశాక ఇక నావల్ల కాలేదు.

“నేను కాల్చనండీ,” అన్నాను హాస్కెల్‌తో. “నా పేరు చెప్పకపోయినా పరవాలేదు. ఆయన మాటలు నేను చదివి వినిపిస్తాను. అలాగే నడిచిపోతుంది, ఇప్పుడు చూశారుగా. ఈ మనిషి లేకపోతే నాకు ఈ గొంతే లేదు. ఈ గొంతుతో ఆయన్ని చంపమంటే నేను చంపను.”

“ఇర్మా, పిచ్చి మాటలు మాట్లాడకే!” అని టల్లీ గారు నన్ను కసిరారు. లైల్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

హాస్కెల్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇందాకటి మెత్తని గొంతు మళ్ళీ వచ్చింది.

“మీ ఇష్టం. తుపాకీ ఎలాగూ పేలాలి, ఆ సంగతి అప్పుడే పై వాళ్ళకి చెప్పేశాను. మీరు కాల్చకపోతే ఆయన కాలుస్తాడు. వచ్చే వారం చచ్చేది మిస్ వేల్.” అంటూ టల్లీ గారి వైపు తిరిగాడు. “మీ ఉద్యోగం మీకుంటుంది, మాస్టారూ. చదివి పెట్టడానికి ఇంకో పిల్లని నేనే చూస్తాను. ఏం, కాలుస్తారా?”

‘వద్దు’ అనమని నేను కళ్ళతో కూడా సైగ చెయ్యలేదు. చేసినా ఆ చూపులకి కంటి సైగ ఆనదు. కాల్చినా సరే, ఈ మనిషికి నేను పడ్డ రుణం తీరదని మాత్రం అనుకున్నాను.

టల్లీ గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. అలవాటైన దారిలో మైకు దగ్గరికి నడిచి, దాని మీద చెయ్యి వేసి, “కాలుస్తాను,” అన్నారు.